కిటికీలో మిగిలిన దిక్సూచి

నేను ఒక దిక్సూచిని. అరచేతిలో ఇమిడే ఇత్తడి డబ్బీ, మూత లోపల చిన్న అద్దం, అడుగున అంకెల చక్రం, దాని మీద ఎప్పుడూ కాస్త వణుకుతూ ఉండే సన్నని ముల్లు. ఆ రోజు పొద్దున కొల్లాపురంలో సులోచన తన తమ్ముడి కోసం సంచి సర్దుతూ అన్నిటికంటే ముందు నన్నే అందులో పెట్టింది. నా మీద గుడ్డలో చుట్టిన సజ్జరొట్టెలు, ఉల్లిగడ్డ, తొక్కు సీసా, నీళ్ళ సీసాలు, తలకు చుట్టుకునే తువ్వాలు పెట్టింది. అన్నీ పెట్టాక అన్నీ బయటికి తీసి మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. ఆమె సంచి సర్దే తీరే అంత. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా ఏదో మరిచిపోయామని ఆమె చేతులకు అనిపిస్తూనే ఉంటుంది.

"అక్కా, నేను కిష్ణ అవతలికి పోతున్న. కాశికి గాదు," అన్నాడు కుర్మయ్య గడప మీద కూర్చుని చెప్పులకు పట్టీ బిగించుకుంటూ.

"ఎండ ఎట్లున్నదో సూసినవా? రోహిణిల రోళ్లు పగుల్తయి."

"పగిల్తే రోలు పగుల్తది. నా తలకాయ గట్టిదని నీ మరదలే అంటది గద."

"ఆ ముచ్చట నిజమే వదినె," అంది లోపల్నించి బాలమణి. "గోడకు గొట్టుకుంటే గోడకే సొట్ట వడ్డది."

సులోచన నవ్వలేదు. చల్లకుండలో మజ్జిగ ఉందేమో చూసి వస్తానని వంటింట్లోకి వెళ్ళింది. అంతలో కుర్మయ్య అక్కకు చేసి ఇచ్చిన కర్రను సంచికి తగిలించాడు. పాత స్పీకరు విప్పి తీసిన గుండ్రటి అయస్కాంతాన్ని వెదురు కర్ర చివర బిగించి తానే చేసిన సాధనం అది. ఇనుము ఉన్న రాయి మీద ఆనిస్తే టక్కున అంటుకుంటుంది. సంచి బరువు చూసుకుని, లోపల చెయ్యి పెట్టి, నన్ను బయటికి తీసి, "సెల్లుల దిక్కులున్నయి, ఇదెందుకు మల్ల బరువు" అని భార్యకు కన్నుగీటి మెట్ల పక్క కిటికీలో పెట్టేశాడు.

అలా నేను మిగిలిపోయాను. మిగిలిపోయినవాళ్ళ మీదే చెప్పే పని పడుతుంది. అందుకే మొదటి నుంచి చెబుతాను.

నేను పుట్టింది రూర్కీలో, నేలను కొలిచే పనిముట్లు చేసే ఒక చిన్న కార్ఖానాలో. ముల్లును మొన మీద నిలబెట్టి, కళ్ళజోడు ముక్కు చివరకు జారిన ఒక పెద్దాయన నన్ను ఇటు తిప్పి, అటు తిప్పి, సరేనని పక్కన పెట్టాడు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, ఉత్తరం ఎటో చూపడం. పది విద్యలు తెలిసినవాడికి ఒకటి తప్పినా ఇంకొకటి ఆదుకుంటుంది. ఒకే విద్యతో బతికేవాడికి ఆ వెసులుబాటు ఉండదు. అందుకే కాబోలు, నేను పుట్టినప్పటి నుంచీ వణుకుతూనే ఉన్నాను.

నా మొదటి యజమాని సర్వేయరు ఖాదర్ సారు. కృష్ణ మీద ఆనకట్ట లేస్తున్న రోజులవి. నీళ్ళు వెనక్కి ఎంతదాకా తన్నుకొస్తాయో ముందే లెక్కగట్టి, ఆ గీత పొడవునా సున్నం పూసిన రాళ్ళు పాతించడం ఆయన ఉద్యోగం. చిన్నగట్టు అనే ఊళ్ళో ఒక రైతు ఇంటి అరుగు మీద దిగాడు. ఆ ఇంటివాళ్ళు పూటపూటకూ ఆయనకు జొన్నరొట్టె మీద నెయ్యి వేసి పెట్టేవాళ్ళు. ఆ ఇల్లు గీతకు లోపలే పడిందని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, వాళ్ళకు ఇంకా తెలియదు. తమ ఇంటిని ముంచే గీత గీసేవాడికి నెయ్యి వేసి పెట్టడం మనుషులకే చెల్లింది. ఆ నెయ్యి తిని, చెయ్యి తుడుచుకుని, వెళ్ళి గీత గీయడమూ వాళ్ళకే చెల్లింది.

ఆ ఇంటి పిల్లే సులోచన. తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి నా ముందు కూర్చునేది. నన్ను ఎటు తిప్పినా ముల్లు మళ్ళీ అటే వెళ్ళడం ఆమెకు వింత. "దీనికి ఎవలు జెప్పిన్రు సార్, అటే సూడుమని?" అని అడిగింది ఒకసారి. ఖాదర్ సారు ఆ పిల్లకు బెల్లం ముక్క ఇచ్చాడు.

పని ముగించుకుని వెళ్ళిపోయే రోజున ఆయన నన్ను ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "ఉంచుకో బేటీ. మళ్ళా వచ్చినప్పుడు తీసుకుంట. ఏట్ల పడిపోయిందని ఆఫీసుల రాసుకుంటలే," అన్నాడు తల ఎత్తకుండా. ఆయన మళ్ళీ రాలేదు. నీళ్ళే వచ్చాయి. ఇంటి దూలాలు, గిన్నెలు, గేదె, అన్నీ ఎక్కించిన లారీ మీద కూర్చుని సులోచన నన్ను గుప్పిట్లో పట్టుకుని వెనక్కి చూస్తూ వచ్చింది. ఆమె వెనక్కి చూస్తున్నప్పుడు నేను ఉత్తరం చూపిస్తూనే ఉన్నాను. ఆ పిల్లకు కావలసిన దిక్కు అది కాదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను పెట్టె అడుగున ఉన్నాను. సులోచన పదో తరగతి దాటి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు అయింది. పెళ్ళయింది. భర్త త్వరగా పోయాడు. నన్నూ, ఇంకో పెట్టెడు పుస్తకాలనూ పట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చేసింది. కింద కుర్మయ్య మోటారు వైండింగు షాపు, వెనక సంసారం, పైన సులోచనకు ఒక గది, గది మీద మిద్దె, మిద్దెకు మెట్లు. ఆ మిద్దె మీద ఆమె చుక్కలు నేర్చుకుంది. గురువు లేడు. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం ఒళ్ళో, టార్చిలైటుకు ఎర్ర కాగితం, పక్కన మూత తీసిన నేను. పెట్టె అడుగు నుంచి ఆకాశం కిందికి వచ్చిన ఆ రోజులే నాకు మంచి రోజులు.

ఎక్స్‌ఛేంజి మూతపడ్డాక, చేతికి సెల్లు వచ్చాక, ఆమెకు 'రాలుచుక్కల చిట్టా' పరిచయమైంది. అది కాగితం మీద ఉండేది కాదు. ఎక్కడెక్కడి మనుషులో ఆన్‌లైన్‌లో కలిసి రాసుకునే ఉమ్మడి చిట్టా. ఆకాశంలో ఉల్క రాలడం చూసినవాళ్ళు ఎవరైనా అందులో ఒక వరుస రాయవచ్చు. ఎక్కడ నిలబడి చూశారు, ఏ దిక్కున, ఎంత ఎత్తున, చప్పుడేమైనా అయిందా. వేరువేరు ఊళ్ళ నుంచి చూసినవాళ్ళ దిక్కులు పటం మీద గీతలుగా పడతాయి. గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ రాయి పడి ఉండవచ్చు. ఎవరైనా వెళ్ళి వెతికి, దొరికితే ఆ వరుస చివర 'దొరికింది' అని రాస్తారు.

మనుషులు రాసే చోట మనుషుల తీరే ఉంటుంది. ఒకాయన పెళ్ళి ఊరేగింపు తారాజువ్వను రాశాడు. ఒకావిడ విమానాన్ని రాసి, అది మూడు రోజులూ ఒకే వేళకు రాలిందని ఆశ్చర్యపడింది. అయినా ఆ చిట్టాకు కొన్ని నియమాలు ఉండేవి, వాటిని అందరూ పాటించేవాళ్ళు. ఒకరి వరుసలో మరొకరు చెయ్యి పెట్టకూడదు, అనుమానం ఉంటే కింద రాసి అడగాలి. చూసిన దిక్కుకు గోడ మీదో నేల మీదో గీత గీసి ఉంచుకుని, మర్నాడు పగటి వెలుగులో మళ్ళీ కొలవాలి. ఇక మూడోది, ఒకతను వెతకబోయి అడవిలో దారితప్పి రెండు పగళ్ళు ఆకలితో తిరిగాక పెట్టుకున్నది. రాయి కోసం బయలుదేరేవాళ్ళు బయలుదేరే ముందు చిట్టాలో తమ పేరు రాయాలి. పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. ఇల్లు చేరాక 'తిరిగి వచ్చాను' అని రాస్తే చుక్క ఆరిపోతుంది. అంతదాకా అందరూ ఆ చుక్కను కనిపెట్టి ఉంటారు.

సులోచన ఆ చిట్టాలో పెద్దది. ఆమె వరుసల్లో తారాజువ్వలు, విమానాలు ఉండవు. అందరూ 'అమ్మా' అనేవాళ్ళు. 'సులోచనమ్మగారు కొలిచారంటే ఇక చూడక్కర్లేదు' అనేవాళ్ళు. ఆమె పైకి వద్దనేది, లోపల ఆ మాటను బెల్లం ముక్కలా చప్పరించేది. లోటు ఒక్కటే. ఇన్నేళ్ళలో ఆమె వరుసల చివర ఒక్కసారి కూడా 'దొరికింది' అని పడలేదు.

ఆ లోటు కుర్మయ్యకు తెలుసు. చుక్కలంటే అతనికి పెద్దగా పట్టదు. అక్క అంటే పడుతుంది. వైశాఖంలో ఒక రోజు షాపులో కూర్చుని అయస్కాంతపు కర్ర చేసి, పైకి తెచ్చి ఆమె సంచిలో పెట్టాడు.

"ఇగో అక్కా, ఇగ రాయి నీ కాడికే ఉర్కొస్తది."

"రాయి ఉర్కుతదారా?"

"నువ్వు పిల్వు. టెలిఫోనుల ఊరందర్ని పిల్చినదానివి."

ఆ వారంలోనే, పొద్దు గూకి ఇంకా ఎరుపు ఆరని వేళ, ఆకాశం పగిలినట్టు ఒక వెలుగు నైరుతి వైపు జారింది. వెనక పొగ గీత మిగిలింది. కాసేపటికి దూరాన ఉరిమినట్టు చప్పుడు. సులోచన సంచి తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, నన్ను బయటికి తీసి, సంచి పక్కనే గోడ మీద ఆనించి, పొగ గీత అడుగుకు నా అంచు కలిపి, ఆ అంచు వెంట మేకుతో గోడ మీద గీత గీసింది. తర్వాత నా ముల్లు చూసి అంకె చదువుకుంది.

గీత సరైనదే. అంకె తప్పు. జానెడు దూరంలో, సంచి గుడ్డ వెనక, కుర్మయ్య ఇచ్చిన అయస్కాంతం ఉంది. అది నన్ను పక్కకు లాగింది. గట్టిగా కాదు. గట్టిగా లాగి ఉంటే ముల్లు గిర్రున తిరిగేది, ఆమె పసిగట్టేది. పెద్దవాళ్ళు పిల్లల భుజం మీద చెయ్యి వేసి తమ వైపు తిప్పుకున్నట్టు, కొద్దిగా లాగింది. నేను కొద్దిగా తిరిగాను. నాకు నోరు లేదు. ఉన్నదల్లా ముల్లే, ఆ ముల్లే వంకరపోయింది.

ఆమె వెంటనే వరుస రాసింది. అప్పటికే మరో ఇద్దరు రాశారు. దోర్నాల నుంచి ఫిలోమినా అనే నర్సు, దేవరకద్ర నుంచి ఒక పంతులు. వాళ్ళ దగ్గర దిక్సూచి లేదు, చెట్టు గుర్తు, గుట్ట గుర్తు పెట్టుకుని అంచనాగా రాశారు. వాళ్ళ గీతలు రెండూ నదికి ఇవతల, కొల్లాపురం వైపు చేల దగ్గర కలిశాయి. సులోచన గీత మాత్రం అక్కడికి పోకుండా నది దాటి అవతలి ఒడ్డుకు పోయింది.

మర్నాడు ఫిలోమినా ఫోను చేసింది.

"అమ్మా, నమస్కారం. మీ గీత మా రెండింటితో కలవట్లేదమ్మా. గోడ మీద గీసి పెట్టారు కదా, ఇంకొక్కసారి కొలుస్తారా?"

"నా దిక్సూచి నా చిన్నప్పటిదమ్మా. ఇంతవరకు తప్పు చూపలేదు," అంది సులోచన. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆమెకు ఎక్స్‌ఛేంజి గొంతు వచ్చేది.

"అబ్బెబ్బే, తప్పని కాదమ్మా. ఊరికే అడిగా. నేనే ఆస్పత్రి మేడ మీంచి సరిగ్గా చూసుండనులే. మీరు కొలిచాక ఇంకేముంది."

ఆ సాయంత్రానికి ఫిలోమినా తన దిక్కును తానే మార్చి రాసింది. పంతులుగారు తన వరుసనే తీసేశాడు. చిట్టాలో ఎవరి వరుసలో ఎవరూ చెయ్యి పెట్టకూడదన్న నియమం ఉంది. పెద్దవాళ్ళ మాట మీద గౌరవంతో తన వరుసను తానే చెరుపుకోవడాన్ని ఆపే నియమం మాత్రం ఎవరికీ తోచలేదు. మిద్దె మీద గీత ఉంది. కింద మెట్ల దగ్గర నేను ఉన్నాను. మధ్యలో పదో పన్నెండో మెట్లు. మర్నాడు పగటి వెలుగులో కొలవాలన్న నియమాన్ని పదిమందికి నేర్పిన సులోచన ఆ మెట్లు ఎక్కలేదు.

వానలు పడితే నీళ్ళు పెరిగి అవతలి ఒడ్డు ఇసుక మేటలన్నీ మునుగుతాయి. ఆ లోపల వెతకాలి. మోకాళ్ళ నొప్పితో సులోచన పోలేదు. "నేను పోయొస్త తియ్యి," అన్నాడు కుర్మయ్య. "షాపు ఒక్క దినం బందు పెడ్తే కాలిపోయిన మోటార్లు ఏడ్వయి."

ఇక ఆ పొద్దున సంగతికే వస్తాను. సులోచన మజ్జిగ తెచ్చి తాగించి, చిట్టాలో తమ్ముడి పేరు రాసింది. పచ్చచుక్క వెలిగింది. "సూసినవా, నీ పేరుకు దీపం పెట్టిన," అంది. "ఆర్పుడు యాద్మర్వకు," అన్నాడతను. మోటారు సైకిలు వీధి చివరకు పోయాక ఆమె కిటికీ వైపు తిరిగి నన్ను చూసింది.

నన్ను చేతిలోకి తీసుకుని గడప దాకా పరుగెత్తింది. నోరు తెరిచింది. మూసింది. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. చిన్నగట్టులో వాళ్ళ నాయనమ్మ నేర్పిన మాట అది. మోటారు సైకిలు వీధి మలుపులో ఎద్దులబండికి దారి ఇచ్చి ఆగింది. పిలిస్తే వినిపించేంత దూరంలో కాసేపు ఆగే ఉంది. తమ్ముడికి కీడు జరగకూడదని ఆమె పిలవలేదు.

కనీసం పోవడమైనా చూద్దామని మిద్దె ఎక్కింది. అతను కనిపించలేదు. నన్ను పిట్టగోడ మీద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. పెట్టడం మేకు గీత పక్కనే పెట్టింది. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ చేతులు నా అంచును గీతకు కలిపాయి. ఆమె వంగి చూసింది.

అంకె మారింది. ఆమె నన్ను ఎత్తి, విదిలించి, మళ్ళీ పెట్టింది. అదే అంకె. నేను ఆ క్షణంలో చెప్పినంత నిజం నా జన్మలో ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పక్కన ఖాళీగా ఉన్న గోడను చూసింది. ఆ సాయంత్రం సంచి ఉన్న చోటు అది. ఇప్పుడు ఆ సంచి తమ్ముడి భుజాన ఉంది.

తర్వాత ఫోను మీద ఫోను. ఊరందరికీ ఊరందరినీ కలిపిన మనిషి ఆమె. ఒక్క నంబరు కలవలేదు. నది లోయలో సిగ్నలు ఉండదు. 'తప్పు దిక్కు, నది దాటవద్దు, వెనక్కి రా' అని మెసేజి పెట్టింది. అది ఒంటి టిక్కుతో ఉండిపోయింది. బాలమణిని వెంటబెట్టుకుని, నన్ను కొంగులో ముడివేసుకుని ఆటోలో రేవుకు పోయింది. కుర్మయ్య అప్పటికే గుండ్రటి బుట్టపడవలో, పుట్టిలో, దాటిపోయాడని రేవులోవాళ్ళు చెప్పారు.

ఇద్దరూ ఒడ్డున కూర్చున్నారు. బాలమణి ఒకసారి, "సాయంత్రానికి రాడా ఏంది వదినె, గింత దానికి ఉర్కొస్తిమి," అంది. సులోచన అప్పుడు చెప్పింది. అయస్కాంతం, అంకె, ఎక్కని మెట్లు, అన్నీ. బాలమణి నీళ్ళ వైపే చూస్తూ వింది. పొద్దు వాలే వేళకు అవతలి ఒడ్డున పుట్టి కదలడం కనిపించింది. అదే సమయానికి పడమట దుమ్ము లేచింది. రోహిణి చివర వచ్చే గాలివానలు ముందు చెప్పి రావు. దుమ్ము, గాలి, వడగళ్ళు, ఆ తర్వాత ఏమీ కనిపించలేదు.

గాలి ఆగాక పుట్టి నడిపే లచ్చన్న ఒక్కడే ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. "సంచి ఇడ్సిపెట్టుమన్న," అన్నాడు. "మా అక్కది అన్నడు. ఇడ్వలే."

వలలు వేశారు. పడవలు తిరిగాయి. వానలు మొదలయ్యాయి. నీళ్ళు పెరిగి, ఖాదర్ సారు గీసిన గీత దాకా వచ్చి నిలబడ్డాయి. కుర్మయ్య దొరకలేదు.

సులోచన చిట్టాలో తన వరుస కింద రాసింది. నా అంకె తప్పు. సంచిలో అయస్కాంతం ఉంది. మర్నాడు మళ్ళీ కొలవలేదు. ఫిలోమినా అడిగినా కొలవలేదు. దాని కింద జవాబులు వరుసకట్టాయి. 'బాధపడకండి అమ్మా', 'ఎవరికైనా జరిగేదే అమ్మా', 'మీ తప్పు లేదమ్మా.' ఆమె ఒక్కోటి చదివి ఫోను బోర్లా పెట్టేది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఇత్తడి డబ్బీని ఎవరంటారు. నన్ను విసిరికొడితే బాగుండేదని నాకు అనిపించేది. ఆమె నన్ను తుడిచి, కుర్మయ్య పెట్టిన చోటే, కిటికీలో పెట్టింది.

బాలమణి ఆమెతో మాట్లాడటం మానేసింది. పూట తప్పకుండా కంచం మాత్రం మెట్ల మీద పెట్టి వెళ్ళేది. సులోచన తినేది కాదో, తినేదో, కంచం కడిగి అక్కడే పెట్టేది. ఆ ఇద్దరి మధ్య ఆ కంచమే తిరిగేది.

చిట్టాలో పచ్చచుక్క వెలుగుతూనే ఉంది. చిట్టా నడిపేవాళ్ళు ఒకరిద్దరు మెల్లగా అడిగారు, ఆ వరుస ముగించమంటారా అమ్మా అని. నియమం ప్రకారం 'తిరిగి వచ్చాను' అన్న గడి నింపవలసింది పేరు రాసినవాళ్ళే. పొద్దున లేవగానే చిట్టా తెరిచి చుక్క ఉందో లేదో చూసుకునేది.

కార్తీకంలో ఫిలోమినా వచ్చింది. దోర్నాల నుంచి రెండు బస్సులు మారి, సంచిలో బత్తాయిలు పెట్టుకుని వచ్చి, మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"ఫోనులో చెప్పడానికి నోరు రాలేదమ్మా. నా దిక్కు సరిగ్గానే ఉండె. మీకు ఎదురు చెప్పినట్టుంటదని మార్చుకున్నా. ఇంజక్షను విషయంలో డాక్టరుతో పోట్లాడతా నేను. మీతో పోట్లాడలేకపోయా."

"పోట్లాడినా నేను వింటుంటినో లేదో," అంది సులోచన. గొంతులో ఎక్స్‌ఛేంజి లేదు.

ఫిలోమినా పాత అంకె ప్రకారం, సులోచన గోడ గీత ప్రకారం, ఇద్దరూ ఇవతలి ఒడ్డు చేలకు వెళ్ళారు. నన్ను తీసుకుపోయారు. అయస్కాంతం లేదు, అది నదిలో ఉంది. రెండు రోజులు కందిచేలలో తిరిగారు. మూడో రోజు మధ్యాహ్నం ఎండకు ఓర్వలేక ఒక కాపలా గుడిసె దగ్గర నీళ్ళు అడిగారు. గుడిసె ముందు కోళ్ళగంప బోర్లించి ఉంది. లోపల కోడిపిల్లలు. గాలికి గంప లేవకుండా పైన ఒక నల్లటి రాయి, కాల్చిన వంకాయ తొక్కలా మెరుస్తూ.

"గా రాయి ఏడ దొర్కిందమ్మా?" అని అడిగింది సులోచన.

"చేన్ల ఉండె. ఎండకాలం ఇత్తునాలు ఏసేటందుకు దున్నుతుంటే నాగలికి తగిలింది," అంది గుడిసెలో ఆమె. "సూస్తే పిడికెడంత, లేవట్టితే బరువు. కోళ్ళగంపకు మంచిగున్నదని తెచ్చిన. ఎందుకు, మీదా?"

సులోచన నన్ను తీసి నేల మీద పెట్టి, ముల్లు నిలబడ్డాక, రాయిని మెల్లగా నా పక్కకు జరిపింది. నేను ఉత్తరం వదిలి రాయి వైపు తిరిగాను. కొద్దిగానే, భుజం మీద చెయ్యి వేస్తే తిరిగినంత. ఆ సాయంత్రం తిరిగింది ఎంతో, ఇదీ అంతే. ఫిలోమినా కళ్ళు తుడుచుకుంది. సులోచన నన్నే చూస్తూ ఉంది. ఏ బలహీనత తన తమ్ముణ్ణి నది దాటించిందో, అదే ఇప్పుడు రాయిని పట్టి ఇచ్చింది. నాకైతే ఆ రాయిని చూసే ధైర్యం లేదు. అయినా ముల్లు అటే చూసింది.

గుడిసె ఆమె గంప మీద ఇంకో రాయి వెతికి పెట్టి, ఆ నల్లరాయితో ఇంటికి వచ్చారు. కంచం తెచ్చిన బాలమణి మెట్ల మీద ఆ నల్లరాయిని చూసి ఆగింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇవతలనే ఉండెనా?"

"ఇవతలనే. కోళ్ళగంప మీద."

బాలమణి కూర్చుంది. రాయిని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది. "మా కోళ్ళగంప మీద పెట్టినా తెల్వకపోవు ఆయ్నకు," అంది. రాయిని మెట్టు మీద పెట్టింది.

"వదినె, గా పచ్చచుక్క ఉన్నదా ఇంక?"

"ఉన్నది."

"నాకూ సెల్లుల కనబడ్తది. పక్కింటి పిల్ల తీసిచ్చింది. రోజూ పండుకునే ముందు సూస్త. అది ఎలుగుతున్నదని తలుపుకు గడియ పెడ్తలేను. వానకు, సలికి, గడియ పెట్టకుంటనే పంటున్న." కంచం సులోచన వైపు జరిపింది. "నువ్వు ఎలిగిచ్చినవ్. నువ్వే ఆర్పాలె. ఆయ్న గూడ గదే జెప్పి పాయె."

సులోచన నన్ను కిటికీలో పెట్టి, ఫోను తెరిచి, బాలమణి చూస్తుండగా, ముందు రాయి సంగతి రాసింది. ఇన్నేళ్ళకు ఆమె వరుస చివర 'దొరికింది' అని పడింది. దాని మీద ఆమె చూపు నిలవలేదు. కిందికి జరిగి తమ్ముడి పేరు దగ్గర ఆగింది. 'తిరిగి వచ్చాను' అన్న గడిలో రాయడానికి చిట్టాలో వేరే మాట ఏదీ సిద్ధంగా లేదు. ఆమె సొంతంగా రాసింది. రాశాక చుక్క ఆరింది. ఆ పూట బాలమణి కిందికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్న చప్పుడు పైకి వినిపించింది.

నేను కిటికీలోనే ఉన్నాను. ఉత్తరం చూపిస్తున్నాను. నన్ను ఎవరూ అడగడం లేదు. చిట్టాలో ఆ వరుస ఇప్పటికీ ఉంది, ఎవరైనా చదవవచ్చు. కుర్మయ్య, మోటారు వైండింగు మెకానిక్కు, కొల్లాపురం. రోహిణి కార్తె చివరి శుక్రవారం పొద్దున రాయి కోసం కృష్ణ దాటి వెళ్ళాడు. తిరిగి రాలేదు.